ఎక్కే పిల్లాడు, ఎత్తులేని పిట్టగోడ

ఎక్కే పిల్లాడి తల్లికి డోన్‌లో దొరికే సలహా ఒక్కటే. "కొంచెం కనిపెట్టుకోని ఉండాల కదమ్మా." డాక్టరు అదే అంటాడు, పక్కింటి అవ్వ అదే అంటుంది, గ్యాస్ బండ దించడానికొచ్చిన పిల్లగాడు కూడా ఒకసారి పైకి చూసి అదే మాట అనేసి పోతాడు. మా అక్కకు ఈ మాట వినీ వినీ కోపం కూడా రావడం మానేసింది. వాళ్ల వాడికి ఏడేళ్లు. ఆటిజం ఉందని కర్నూలులో తేల్చారు. మాటలు తక్కువ, నిద్ర తక్కువ, ఎక్కడం మాత్రం ఎక్కువ. కిటికీ, బీరువా, అటక, గేటు, సజ్జ, అక్కణ్నించి మిద్దె, మిద్దె మీద పిట్టగోడ, పిట్టగోడ మీంచి నీళ్ల ట్యాంకు.

సలహా తప్పు కాదు. కాకపోతే అది రాత్రింబవళ్లు ఒక్క మనిషి కళ్ల మీద నడవాల్సిన ఏర్పాటు. ఆ మనిషి స్నానానికి పోతుంది, పాలు పొంగుతుంటే పరిగెత్తుతుంది, జ్వరమొస్తే పడుకుంటుంది. వాడు ఎక్కేది సరిగ్గా అప్పుడే. కుక్కర్ ఒక విజిల్ వేసి రెండోది వేసేలోపు వాడు అటక మీదుంటాడు. "నువ్వు పేపర్లకు ఏవేవో రాస్తావు కదరా, ఆ పిట్టగోడ గురించి రాయి" అంది అక్క ఒకరోజు. అందుకని రాస్తున్నాను.

1970ల మొదట్లో న్యూయార్క్ నగర ఆరోగ్య శాఖకు ఇలాంటి చిక్కే వచ్చి పడింది. పేదలు ఎక్కువగా ఉండే బ్రాంక్స్ లాంటి చోట్ల పాత అపార్టుమెంట్లలో ఎండాకాలం కిటికీలు బార్లా తెరిచి పెట్టుకునేవాళ్లు. మన కిటికీలకున్నట్టు వాటికి ఊచలుండవు. పసిపిల్లలు వాటిలోంచి పడిపోయేవాళ్లు. తల్లులకు జాగ్రత్తలు చెప్పి ఊరుకోవచ్చు. ఆ శాఖ చెప్పడం చెప్పింది గానీ, అక్కడితో ఆగలేదు. 1972లో 'పిల్లలు ఎగరలేరు' అనే పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పిల్లాడు పడ్డాడని ఆసుపత్రి నుంచో పోలీసుల నుంచో కబురు రాగానే ఆ ఇంటికి మనిషి వెళ్లి ఎలా జరిగిందో రాసుకొచ్చేవాడు. ప్రమాదాలు ఎక్కువగా ఉన్న పేటల్లో ఇల్లిల్లూ తిరిగి, చిన్నపిల్లలున్న వాళ్లకు కిటికీకి బిగించుకునే ఇనుప అడ్డాలు ఉచితంగా ఇచ్చారు. 1973 నుంచి 1975 నాటికి బ్రాంక్స్‌లో ఈ ప్రమాదాలు సగానికి పడిపోయాయి.

అసలు మలుపు 1976లో. నగర ఆరోగ్య మండలి నియమావళి మార్చింది. పదేళ్లు, అంతకన్నా చిన్న పిల్లలు ఉన్న అద్దె ఇంటి కిటికీలకు అడ్డాలు బిగించాల్సిన బాధ్యత ఇంటి యజమానిది అంది. ఏటా అద్దెకున్న ప్రతి కుటుంబానికీ నోటీసు పంపి, మీ ఇంట్లో ఆ వయసు పిల్లలున్నారా అని యజమానే అడగాలి. సందు నాలుగున్నర అంగుళాలు దాటకూడదు. తర్వాతి కాలంలో కిటికీలోంచి పడి ఆసుపత్రిలో చేరే పిల్లల సంఖ్య 96 శాతం దాకా తగ్గిందని అమెరికా పిల్లల వైద్యుల సంఘం తన పత్రంలో రాసుకుంది. అంత తగ్గుదల మందులతో కూడా అరుదు. ఆ ఏళ్లలో న్యూయార్క్ తల్లుల కళ్లకు కొత్తగా చూపేమీ పెరగలేదు. కిటికీలు మారాయి, అంతే.

ఆ నియమం ఆటిజం ఉన్న పిల్లల కోసం పెట్టింది కాదు, పసిపిల్లలందరి కోసం. అయితే మామూలు పిల్లాడికి నాలుగైదేళ్లొచ్చేసరికి ఎత్తు అంటే కాస్త జంకు వస్తుంది, కింద పడితే ఏమవుతుందో ఊహకందుతుంది. మా మేనల్లుడి లాంటి వాడికి ఆ జంకు ఆలస్యమవుతుంది, ఒక్కోసారి రాదు. కొందరికి నొప్పి కూడా సరిగా తెలియదు. మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి వాడే 40 ప్రశ్నల స్కేలు ఒకటుంది, సికిందరాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ తయారు చేసింది. పిల్లాడికి నొప్పి తెలుస్తుందా లేదా అన్నది అందులో ఒక అంశం. అక్క ఆ ప్రశ్న విని నవ్వింది. వాడి మోకాలికి అప్పటికే నాలుగు కుట్లున్నాయి. కుట్లు వేస్తున్నంతసేపూ వాడు ఫ్యాన్ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇక మన ఇళ్ల సంగతి. డోన్‌లో కొత్తగా కట్టిన ఏ వీధిలోనైనా తలెత్తి చూడండి. పిల్లర్ల మీంచి ఇనుప కమ్మీలు ఆకాశంలోకి పొడుచుకొని ఉంటాయి. పైన ఇంకో అంతస్తు వేద్దామని వదిలినవి. పెద్దోడి పెళ్లి నాటికో, బోరు నీళ్లు బాగా పడ్డ ఏడాదికో వేస్తారు. ఆలోగా పిట్టగోడ ఎందుకు దండగ అని మేస్త్రీ రెండు వరసల ఇటుకలు పేర్చి వదిలేస్తాడు, లేదా అదీ ఉండదు. మన జాతీయ భవన నిర్మాణ నియమావళి మిద్దె అంచున గోడ కనీసం మీటరు ఎత్తుండాలంటుంది. అక్క వాళ్ల పిట్టగోడ నా మోకాలు దాటి పైకి రాదు. దానికానించి పాత కూలరు, విరిగిన మంచం కోళ్లు, బావ బేతంచర్ల నుంచి తెచ్చి పేర్చిన నాపబండలు. మెట్లు కట్టిచ్చినట్టే ఉన్నాయి వాడికి. నాలుగు అడుగుల అవతల కరెంటు తీగలు.

కిటికీ ఊచల విషయంలో మనం న్యూయార్క్ కన్నా ముందున్నాం అనుకోవచ్చు. కొంతవరకు నిజమే, పిల్లలు బయటికి పడరు. కానీ మన వెల్డింగ్ షాపుల్లో అందం కోసం అడ్డంగా పెట్టే పట్టీలు లోపలి వైపు నిచ్చెన. వాడు వాటి మీదుగా లింటెల్ దాకా పోయి, అక్కణ్నించి అటక అందుకుంటాడు. నిలువు ఊచలైతే కాలు నిలవదు. ఈ చిన్న తేడా ఏ డాక్టరూ అక్కకు చెప్పలేదు. చెప్పాల్సింది డాక్టరు కాదు కూడా, వెల్డరు.

న్యూయార్క్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోలేం. అక్కడ ఇంటికొక యజమాని, ఆ యజమాని మీద నగరానికొక పట్టు. ఇక్కడ ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుంటారు, ప్లాను కాగితం మీద ఒకలా, మేస్త్రీ చేతిలో ఇంకోలా. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి పిట్టగోడ కొలుస్తారని నేను కలగనడం లేదు. కానీ ప్రమాదం జరిగిన ఇంటికి ఒక మనిషిని పంపి, పిల్లాడు ఎలా పడ్డాడో రాసుకుని రావడానికి చట్టం అక్కర్లేదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ఎలాగూ ఇళ్లు తిరుగుతున్నారు. టీకాలేశారా అని అడిగే కాగితంలో మిద్దె మీద గోడ ఉందా అని ఒక గడి చేర్చితే చాలు.

గోడ కడితే పడడం ఆగుతుంది, ఎక్కడం ఆగదు. అక్కడే మన పెద్దవాళ్లు పొరబడతారు. ఎక్కడాన్ని పొగరనో, తల్లి సెల్‌ఫోన్ చేతికిచ్చి పాడు చేసిందనో అంటారు. (ఆటిజానికి తల్లిని తిట్టడం మనం కనిపెట్టిన విద్య కాదు. మనసులో చల్లదనం ఉన్న తల్లుల వల్లే ఇది వస్తుందని అమెరికాలో చదువుకున్న డాక్టర్లే కొన్ని దశాబ్దాలు నమ్మారు. ఆటిజం ఉన్న పిల్లాడి తండ్రే అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో పుస్తకం రాసి ఆ వాదాన్ని కూలగొట్టాడు.) నిజానికి ఆ పిల్లాడి ఒళ్లు అడుగుతున్నది వేరే.

లోచెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధచంద్రాకార గొట్టాలుంటాయి. తల ఎటు తిరిగిందో అవి మెదడుకు చెబుతాయి. కండరాలు, కీళ్లు ఎంత బిగిశాయో, చేయి ఎక్కడుందో చెప్పే వ్యవస్థ ఇంకోటి. కళ్లు మూసుకున్నా చెంచా నోటికే పోవడానికి అది కారణం. కొందరు ఆటిజం పిల్లల్లో ఈ కబుర్లు మెదడుకు పలచగా చేరతాయి. అలాంటి వాడు గింగిరాలు తిరుగుతాడు, గోడకు ఒళ్లు కొట్టుకుంటాడు, దుప్పటి కింద దూరి బిగించుకుంటాడు, ఎక్కుతాడు. ఎక్కడంలో రెండూ దొరుకుతాయి. ప్రతి పట్టులో కండరం బిగుస్తుంది, ప్రతి అడుగులో తల కదులుతుంది. లాస్ ఏంజెలెస్‌లో పనిచేసిన జీన్ ఆయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో పుస్తకం తెచ్చి ఈ ఆలోచనకు ఒక రూపం ఇచ్చింది. ఊయల, తాళ్లు, ఎక్కుడు చట్రాలు ఉన్న థెరపీ గదులకు మూలం ఆవిడే. హైదరాబాద్‌లో గంటకింతని తీసుకునే ఆ గదులు చూశాను. వాటిలో కొన్ని బాగున్నాయి. అయితే ఈ పద్ధతితో పిల్లల్లో ఎంత మార్పు వస్తుందన్న దానికి ఆధారాలు తక్కువేనని, ఆ మాట తల్లిదండ్రులకు దాచకుండా చెప్పండని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో డాక్టర్లకు సూచించింది. కాబట్టి ఎక్కితే ఆటిజం నయమవుతుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే పర్సు జేబులోనే ఉంచండి. ఎక్కితే వాడి ఒళ్లు కాసేపు కుదుటపడుతుంది, అంతమటుకు నిజం. స్కూలు నుంచి వచ్చిన వెంటనే పది నిమిషాలు ఎక్కనిస్తే వాడు కూర్చుని అన్నం తింటాడు. ఎక్కనివ్వకపోతే కంచం గోడకు తగులుతుంది.

ఇలాంటి కోరికను ఏం చేయాలో నేను చదివిన వాటిలో నాకు బాగా నచ్చిన సంగతి థెరపీ గదిలోది కాదు. ఒక రైతు ఇంట్లోది.

1943లో బాల్టిమోర్‌కు చెందిన మానసిక వైద్యుడు లియో కానర్ పదకొండు మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. ఆటిజాన్ని ఒక ప్రత్యేక స్థితిగా గుర్తించిన వ్యాసం అది. అందులో మొదటి పిల్లాడి పేరు డోనాల్డ్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు. మూడేళ్ల వయసులో డాక్టర్ల మాట విని తల్లిదండ్రులు అతన్ని ఒక సంస్థలో పెట్టారు, ఏడాదికి వెనక్కు తెచ్చుకున్నారు. తర్వాత 1942లో ఊరికి దగ్గర్లో పిల్లల్లేని ఒక రైతు దంపతుల ఇంట్లో కొన్నేళ్లు ఉంచారు. లూయిస్ వాళ్లు. పెద్ద చదువులేమీ లేవు.

కానర్ 1945లో వాళ్లింటికి వెళ్లి చూసింది తర్వాత రాశాడు. డోనాల్డ్‌కు కొలతల పిచ్చి. ఆ రైతు అతని చేత బావి తవ్వించి, ఎంత లోతయిందో ఎప్పటికప్పుడు కొలిచి చెప్పమన్నాడు. చచ్చిన పిట్టల్ని, పురుగుల్ని డోనాల్డ్ ఏరి దాచుకునేవాడు. వాళ్లు తోటలో కాస్త చోటు ఇచ్చి, ఇది నీ శ్మశానం, పాతిపెట్టి పేర్లు రాసి పెట్టు అన్నారు. మొక్కజొన్న సాళ్లు లెక్కపెట్టిందే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమని నాగలి చేతికిచ్చారు. ఒక్కదాన్నీ ఆపలేదు. ప్రతిదానికీ ఒక చోటు, ఒక పని చూపించారు.

దీన్ని డోన్ రైతుకు చెప్పి చూడండి, ఆశ్చర్యపోడు. కొమ్ము విసిరే కోడెను కాడికి కట్టేది మన పద్ధతే కదా. మనకు తెలియనిది తెలివి కాదు. తెలిసిన దాన్ని ఈ పిల్లాడి మీద వాడాలని తట్టకపోవడమే.

అంత ఇష్టంగా ఎక్కేవాడికి ఎక్కే చోటు చూపించడం లండన్‌లో ఒకావిడకు తట్టింది. లేడీ అలెన్ ఆఫ్ హర్ట్‌వుడ్, తోటలు రూపొందించే మనిషి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో డెన్మార్క్ వెళ్లినప్పుడు, కోపెన్‌హాగెన్ దగ్గర ఎమ్‌డ్రుప్‌లో 1943 నుంచి నడుస్తున్న ఒక ఆటస్థలం చూసింది. జారుడుబల్లలు, ఊయలలు ఏమీ లేవు. చెక్కముక్కలు, ఇటుకలు, తాళ్లు, పాత సామాను. పిల్లలే కట్టుకుంటారు, పిల్లలే ఎక్కుతారు, పక్కనొక పెద్దమనిషి ఉంటాడు. బాంబులు పడి పాడుబడ్డ లండన్ స్థలాల్లో ఇలాంటివి పెట్టాలని ఆవిడ పట్టుబట్టి సాధించింది. 1970లో డెబ్బై దాటిన వయసులో, చెల్సియాలో వైకల్యం ఉన్న పిల్లల కోసమే ఒకటి తెరిపించింది. చక్రాల కుర్చీ పిల్లలు, మాటలు రాని పిల్లలు, ఎవరూ ఆడనివ్వని పిల్లలు. ఎక్కడానికి చెక్క కట్టడాలు, తాళ్లు, ఇసుక, నీళ్లు. అక్కడ జీతానికి పనిచేసే ఆటనాయకులుండేవాళ్లు. వాళ్ల పని ఆడించడం కాదు, అవసరం వచ్చేదాకా ఊరుకోవడం. అది చెప్పినంత సులువు కాదు. మా బావ ఒక పూట ప్రయత్నించి చెమటలు పట్టి లోపలికి వచ్చేశాడు.

నార్వేలో ఎలెన్ సాండ్‌సెటర్ అనే పరిశోధకురాలు పిల్లల ప్రమాదపు ఆటల్ని ఆరు రకాలుగా విడదీసింది, అందులో ఎత్తులెక్కడం ఒకటి. అలా ఎక్కిన పిల్లలకే ఎత్తు భయం తగ్గుతుందని ఆవిడ వాదన. న్యూజీలాండ్‌లో డునెడిన్ ఊళ్లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన వాళ్లకు కూడా, చిన్నప్పుడు ఎత్తు నుంచి పడి దెబ్బతిన్న వాళ్లలో పద్దెనిమిదేళ్లకు ఎత్తు భయం తక్కువగా కనిపించింది. ఇది చదివి మా వాడిని వదిలేయమంటే నేను ఒప్పుకోను. ఆ పరిశోధనలు దెబ్బ తగిలితే పాఠం నేర్చుకునే పిల్లల గురించి. నాలుగు కుట్లు పడ్డా ఫ్యాన్ చూసేవాడి గురించి కాదు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. డోన్ జంక్షన్‌లో గుంతకల్లు వైపు బండెక్కితే బళ్లారి దాటి హోసపేట. అక్కడి హంపి, ఆనెగొంది గుండ్లు ఎక్కడానికి ప్రపంచం నలుమూలల నుంచి వస్తారు. తాడు కట్టుకోరు. వీపున మడత పరుపు మోసుకొస్తారు. ఒకడు ఎక్కుతుంటే ఇంకొకడు కింద చేతులెత్తి నిలబడతాడు. మొదటిసారి చూసినప్పుడు పడితే పట్టుకోవడానికేమో అనుకున్నాను. కాదు, పడేవాడిని ఎవరూ పట్టుకోలేరు. నడుము దగ్గర ఆనించి, తల బండకు తగలకుండా, కాళ్లు పరుపు మీద పడేలా దారి మళ్లిస్తాడు. అతని చూపు ఎక్కేవాడి చేతుల మీద ఉండదు, నడుము మీద ఉంటుంది. పైవాడితో ముచ్చట్లాడడు, జాగ్రత్త అని అరవడు.

అరవకపోవడం గురించి ఒక మాట. మిద్దె అంచున పిల్లాడు కనిపించగానే మన వీధి వీధంతా అరుస్తుంది. "దిగు నాయనా!", "పడతావ్ రా!", "వాళ్లమ్మ యాడ పోయింది?" మా వాడికి ఆ హోరు పండగ. నవ్వుతాడు, ఇంకో అడుగు ముందుకేస్తాడు. ఎవరైనా మెట్లెక్కి పరిగెత్తుకొస్తే అది వాడికి పట్టుకునే ఆట. అక్క ఇప్పుడు చేసేది వేరు. కింద జనాన్ని చేయూపి నోరు మూయిస్తుంది. మెల్లగా ఎక్కుతుంది, ఎదురుగా రాదు, పక్కనించి వస్తుంది. వాడికిష్టమైన బెల్లం ముక్క అరచేతిలో పెట్టి, వాడికి వెనకగా, గోడకు దూరంగా కూర్చుంటుంది. "కూర్చో" అంటుంది. ఒక్క మాట. వాడు పిట్టగోడ మీద కూర్చున్నాక "కాలు, ఇటు" అంటుంది. అంతే. బెల్లం వాడి నోట్లోకి, వాడు మిద్దె మీదికి. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు, భయపడీ భయపడీ నేర్చుకుంది.

దిగడం నేర్పాలన్నది మాత్రం ఒక థెరపిస్టు చెప్పిన మాట. వాడికి ఎక్కడం వచ్చు, దిగడం రాదు. చాలామంది పిల్లలకు అంతే. పైన పట్టు కళ్లకు కనిపిస్తుంది, కింద కాలు పెట్టే చోటు కనిపించదు. వీపు బయటికి పెట్టి, ఒక కాలితో తడిమి, బరువు దాని మీద మోపి, ఆ తర్వాత చేయి వదలాలి. మేం మామూలు నిచ్చెన గోడకు వాల్చి, రెండు మెట్ల ఎత్తున మొదలుపెట్టాం. వాడి మడమ పట్టుకుని కింది మెట్టు మీద పెడుతూ "కాలు" అనడం, వాడు మోపాక "చేయి" అనడం. వాడు ముందు విసిగిపోయాడు, నన్ను కరిచాడు, తర్వాత అదీ ఒక ఆటయింది.

చెల్సియా లాంటి స్థలం డోన్‌లో లేదు. కానీ పెరట్లో ఆరడుగుల జాగా ఉంది, వెల్డింగ్ షాపు వీధి చివరే ఉంది. బావ జీఐ పైపులు తెచ్చి చట్రం చేయించాడు. నాలుగు కాళ్లూ కాంక్రీటులో దిగేశారు. మధ్యలో ముడులేసిన మందపాటి తాడు. కింద రెండు ట్రాక్టర్ల ఇసుక, ఇసుక మీద పాత దూది పరుపు. వాడు ఎక్కదగిన వాటికి, అంటే చట్రానికీ నిచ్చెనకీ, ఆకుపచ్చ పెయింట్ వేశాం. మాట అర్థం కాని వాడికి రంగు అర్థమవుతుందేమోనని. మొదటి వారం వాడు దాన్ని పట్టించుకోలేదు, కిటికీయే ఎక్కాడు. కిటికీకి నిలువు ఊచలు బిగించాక చట్రం వైపు తిరిగాడు. ఒకటి మూయకుండా రెండోది తెరిస్తే లాభం లేదని అప్పుడు తెలిసింది. రెండోది తెరవకుండా మొదటిది మూస్తే ఏమవుతుందో అక్కకు ముందే తెలుసు. అలా చేసిన ఏడాది వాడు బీరువా తలుపులు ఊడదీశాడు.

మన సీమకు ఎక్కడం కొత్త కాదు. ఉట్ల పండక్కి నూనె, బంకమట్టి పూసిన ఉట్లమాను మీదికి కుర్రాళ్లు జారుతూ, పడుతూ, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతూ పోతుంటే ఊరంతా ఈలలేస్తుంది. ఎక్కినవాడు ఆ ఏడాదికి హీరో. భువనగిరి కోట బండ మీద ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కితే తెలుగు దేశమంతా మురిసిపోయింది. అదే పని నా మేనల్లుడు చేస్తే కోతి అంటారు.

ఇంక కాగితాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం ఉంటే రాష్ట్రంలో నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుంది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చులకు ఇస్తుంది. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పే టీచర్లు అక్కడ పనిచేస్తారు. ఇవన్నీ తీసుకోవాల్సినవే, సిగ్గుపడకుండా తీసుకోండి. పింఛను డబ్బుతో పిట్టగోడ కట్టుకోవచ్చు. కానీ ఏ కాగితమూ ఇంటి గురించి అడగదు. ఎంత శాతమో రాస్తారు, మిద్దె ఎంత ఎత్తో రాయరు.

ఇంట్లోంచి జారుకోవడం వీళ్లలో చాలామందికి ఉన్న ఇంకో అలవాటు. అమెరికాలో 2012లో వెలువడిన ఒక సర్వేలో నాలుగేళ్లు దాటిన ఆటిజం పిల్లల్లో 49 శాతం మంది ఒక్కసారైనా అలా వెళ్లిపోవడానికి ప్రయత్నించారని తల్లిదండ్రులు చెప్పారు. డోన్‌లో జారుకుంటే మూడు వైపులా రైలు పట్టాలు, ఓ పక్క హైవే. ఇక్కడ నాకు మళ్లీ మిసిసిపీ ఊరు గుర్తొస్తుంది. డోనాల్డ్ తర్వాత తన ఊరికే తిరిగొచ్చాడు, వాళ్ల కుటుంబం బ్యాంకులో పనిచేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఒంటరిగా దేశాలు తిరిగాడు, 2023లో ఎనభై తొమ్మిదేళ్లకు కన్నుమూశాడు. కుటుంబానికి డబ్బుండడం కలిసొచ్చింది, అది దాచనక్కర్లేదు. కానీ అతని కోసం వెతుక్కుంటూ వెళ్లిన ఇద్దరు విలేకరులను ఊరివాళ్లు ఒకరి తర్వాత ఒకరు హెచ్చరించారట, అతనికి ఏమైనా చేశారో మీ సంగతి చూస్తామని. ఫారెస్ట్‌లో జనం ఐదారు వేలు. డోన్ అంతకు చాలా పెద్దది, కానీ వీధి వరకు చూస్తే అంతే. అక్క వాడిని వెంటబెట్టుకుని ఒక్కో అంగడికీ వెళ్లి చూపించి వచ్చింది. "వీడు మా వాడన్నా. పిలిస్తే పలకడు. ఒంటరిగా కనిపిస్తే అరవొద్దు, పక్కన నిలబడి నాకు ఫోన్ చేయి." టీ అంగడాయన నెంబరు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. టైలరు రాసుకోలేదు గానీ, పోయిన నెలలో ఫోన్ చేసింది ఆయనే.

ఇప్పటి గొడవ నీళ్ల ట్యాంకుది. పిట్టగోడ మీద నాలుగడుగుల ఇనుప జాలీ లేచింది, దాని కాడ ఇంక వాడికి పని లేదు. దాంతో మెట్ల గది మీదున్న ట్యాంకుకు పోయే ఇనుప నిచ్చెన వాడి కంట పడింది. వెల్డరు ఆదివారం వచ్చి కింది ఆరడుగులు కోసి, తగిలించి తీసే కొక్కేలు పెడతానన్నాడు. నిచ్చెన ముక్క ఎక్కడ దాచాలన్న దాని మీద అక్కా బావా రెండ్రోజులుగా వాదించుకుంటున్నారు. బీరువా వెనక అని బావ, పక్కింటి అవ్వ వాళ్ల గొడ్ల చావిట్లో అని అక్క. బీరువా వెనక ఏం పెట్టినా వాడు చూసేస్తాడు కాబట్టి నా ఓటు గొడ్ల చావిడికే. అవ్వను ఇంకా అడగలేదు.